డాక్టర్ దగ్గరికి వెళ్లనివాళ్ల ఖర్చు సున్నా

సర్వే చేసే మనిషి ఒకాయన రెండు ఇళ్లకి వెళ్లాడనుకుందాం. అడిగింది ఒకటే: "పోయిన నెల వైద్యానికి ఎంత ఖర్చయింది?" మొదటి ఇంట్లో లెక్క చెప్పారు. మోకాలికి స్కానింగ్, డాక్టర్ ఫీజు, మందులు, అన్నీ కలిపి 80. రెండో ఇంట్లో "ఏమీ లేదండీ" అన్నారు. ఫారం మీద ఒకచోట 80, ఇంకోచోట 0 పడ్డాయి. ఫారం మాత్రమే చూసినవాళ్లకి రెండో ఇంటివాళ్లే అదృష్టవంతులు. నిజానికి ఆ ఇంటాయనకీ మోకాలు నొప్పే. గుడ్డ బిగించి కట్టుకుని పనికి వెళ్తున్నాడు, అంతే.

ఆదాయాన్ని బట్టి వైద్యం ఎలా మారుతుందన్న చర్చ ఏ దేశంలో జరిగినా తికమక ఈ సున్నా దగ్గరే మొదలవుతుంది. బడ్జెట్ వచ్చినప్పుడు, ఎన్నికలప్పుడు, ఏదో ఒక ఆసుపత్రి బిల్లు వైరల్ అయినప్పుడు జనం మూడు ప్రశ్నల్ని కలగలిపి వాదించుకుంటారు. వైద్యానికి డబ్బు ఎవరు కట్టాలి? ఎప్పుడు కట్టాలి, జబ్బు రాకముందా, వచ్చాకా? కట్టినందుకు చేతికి ఏం దొరుకుతుంది? మొదటి ప్రశ్న మీద గొంతులు ఎక్కువ లేస్తాయి. కానీ విడదీసి చూస్తే చిక్కుముడి చాలావరకు రెండో ప్రశ్నలో ఉంది.

ముందు మాటల అర్థాలు

జబ్బు చేసినప్పుడు అక్కడికక్కడ మనం సొంతంగా పెట్టుకునేది జేబు ఖర్చు. జబ్బుతో సంబంధం లేకుండా ముందే ఏడాదికింత అని కట్టేది ప్రీమియం. పన్ను కూడా ఒక రకంగా ముందే కట్టే డబ్బే, కాకపోతే దాని మీద "వైద్యం కోసం" అని రాసి ఉండదు. ఇన్సూరెన్స్ ఉన్నా, ప్రభుత్వమే భరిస్తున్నా, బిల్లులో కొంత భాగం పేషెంటు చేత కట్టిస్తే అది కో-పేమెంట్.

"వైద్యం అందుబాటులో ఉంది" అన్న మాటే అన్నిటికన్నా ఎక్కువ మోసం చేస్తుంది. ఆసుపత్రి కట్టడం, డాక్టర్ని వేయడం, ఫీజు తీసేయడం, ఇవన్నీ అందుబాటే. కానీ మనిషి లోపలికి వెళ్లి, సరైన టెస్టు చేయించుకుని, మందు పూర్తిగా వాడి బయటపడ్డాడా అన్నది వేరే సంగతి. మొదటిది ప్రభుత్వాలు లెక్కపెడతాయి. రెండోది లెక్కపెట్టడం కష్టం కాబట్టి తరచూ వదిలేస్తారు.

ఇంకో మాట, మోయలేని ఖర్చు. ఇంటి మొత్తం ఖర్చులో లేదా ఆదాయంలో వైద్యానికే 10 శాతం దాటితే 2025లో కొలత మార్చేదాకా ఐక్యరాజ్య సమితి లక్ష్యాల లెక్కలో ఆ ఇల్లు ఇబ్బందుల్లో పడినట్టే. 25 శాతం అనే ఇంకో గీత కూడా ఉండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2021 నాటికి దాదాపు 450 కోట్ల మందికి అవసరమైన ఆరోగ్య సేవలు పూర్తిగా అందడం లేదు. 2019లో దాదాపు 200 కోట్ల మంది వైద్యం ఖర్చు వల్ల ఆర్థికంగా ఇబ్బంది పడ్డారు. రెండో అంకెని చదివేటప్పుడు మోకాలికి గుడ్డ కట్టుకున్న ఆయన్ని గుర్తుపెట్టుకోవాలి. ఖర్చు పెట్టగలిగినవాళ్లే అందులోకి వస్తారు. అసలు వెళ్లనే వెళ్లనివాళ్ల పేరు అక్కడ ఉండదు. అంటే ఒక దేశంలో మోయలేని ఖర్చు తక్కువగా ఉందంటే రెండు కారణాలు ఉండొచ్చు: వ్యవస్థ బాగుండటం, లేదా జనం ఆశ వదులుకోవడం.

ఒకే జబ్బు, రెండు ఇళ్లు

సర్వేలోని ఇళ్లని పక్కనపెట్టి వేరే రెండు ఇళ్లు చూద్దాం. డబ్బు ఏ దేశానిదైనా కావచ్చు, లెక్క కోసం అంకెలు మాత్రం తీసుకుందాం. మొదటి ఇంటి నెల ఆదాయం 100. అద్దె, తిండి, పిల్లల చదువు, పాత అప్పు పోగా మిగిలేది 10. రెండో ఇంటి ఆదాయం 1000. అన్నీ పోగా 400 మిగులుతుంది. ఇద్దరికీ ఒకే ఆపరేషన్ పడింది. బిల్లు 300.

రెండో ఇంటికి ఇది ఏడాది ఆదాయంలో రెండున్నర శాతం. ఒక నెల మిగులు కూడా పూర్తిగా పోదు. మొదటి ఇంటికి ఏడాది ఆదాయంలో 25 శాతం, అంటే రెండున్నరేళ్ల మిగులు. జబ్బు రెండున్నరేళ్లు ఆగదు కాబట్టి అప్పు తెస్తారు. నూటికి నెలకి 2 వడ్డీ అనుకుంటే, 300కి మొదటి నెల వడ్డీ 6. మిగిలే 10 మొత్తం అప్పుకే కడుతూ పోతే తీరడానికి దాదాపు 46 నెలలు పడుతుంది. అప్పటికి కట్టింది 460 పైచిలుకు. అదే ఆపరేషన్, అదే డాక్టర్, కానీ ఆదాయం తక్కువ ఉన్న ఇంటికి ధర ఒకటిన్నర రెట్లు. ఆ నాలుగేళ్లలో ఇంకో జబ్బు రాకూడదన్న షరతు కూడా అందులోనే దాగి ఉంది.

ఇప్పుడు బిల్లు ఎవరో కట్టేశారనుకుందాం, వైద్యం పూర్తిగా ఫ్రీ. మొదటి ఇంటాయనది రోజు కూలి 4, నెలకి 25 రోజుల పని. ఆపరేషన్‌కి ముందు టెస్టులు, తర్వాత కుట్లు విప్పించుకోవడం, చెకప్, కలిపి ఆరుసార్లు తిరిగితే ఆరు రోజుల కూలి, 24 పోయింది. రానూపోనూ ఛార్జీలు ఒక్కోసారికి 2 చొప్పున 12. మొత్తం 36, అంటే మూడున్నర నెలల మిగులు. ఇందులో మంచం మీద ఉన్న రోజుల కూలి కలపలేదు. రెండో ఇంటాయన జీతంతో కూడిన సెలవు పెట్టుకుంటాడు, ఆయనకి ఈ లెక్కే ఉండదు. "అంతా ఫ్రీయేగా, ఎందుకు రావట్లేదు?" అని అడిగేవాళ్లకి జవాబు చాలాసార్లు ఈ 36లో ఉంటుంది.

పెద్ద ఆపరేషన్ల కన్నా చిన్న మాత్రల దగ్గర ఆదాయం ఇంకా గుట్టుగా పనిచేస్తుంది. బీపీ మాత్రలు నెలకి 6 అవుతాయి. మొదటి ఇంటాయన మానేయడు, రోజు విడిచి రోజు వేసుకుంటాడు. ముప్పై మాత్రలు రెండు నెలలు వస్తాయి. తర్వాత డాక్టర్ చూసి బీపీ తగ్గలేదంటాడు. మాత్ర సరిపోవడం లేదనుకుని ఇంకోటి జోడిస్తాడు. రోజూ వేసుకుంటున్నావా అని అడిగితే ఈయన అవునంటాడు, తిడతారని. ఇప్పుడు నెల మందుల ఖర్చు 11. ఈసారి రెండూ రోజు విడిచి రోజే. కేసు షీటులో మాత్రం "మందులకి లొంగని బీపీ" అని పడుతుంది.

డాక్టర్లు ఎటు వెళ్తారు?

ఇక్కడివరకు పేషెంటు జేబు సంగతి. అవతలి వైపు డాక్టర్లు, ల్యాబులు, ఆసుపత్రులు కూడా డబ్బున్న చోటికే చేరతాయి. వేల్స్‌లో బొగ్గు గని కార్మికుల మధ్య డాక్టరుగా పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో దీన్ని ఒక సూత్రంలా చెప్పాడు. వైద్యం ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడే మంచి వైద్యం తక్కువ దొరుకుతుందని, మార్కెట్‌కి వదిలేసిన కొద్దీ ఈ తేడా పెరుగుతుందని ఆయన వాదన. దానికి విలోమ వైద్య సూత్రం అని పేరు స్థిరపడింది. అప్పటికి బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్ఎస్ మొదలై ఇరవై ఏళ్లు దాటింది. డాక్టర్ని చూడటానికి పైసా కట్టక్కర్లేని దేశంలో కూర్చుని ఆయన ఈ మాట అన్నాడన్నది గమనించాల్సిన విషయం.

ధనిక దేశాల్లో జరిగిన పోలికల్లో కూడా ఒక ఆసక్తికరమైన తీరు కనిపించింది. అవసరాన్ని బట్టి సరిచేసి చూస్తే మామూలు డాక్టర్ దగ్గరికి పేదా ధనికా దాదాపు సమానంగానే వెళ్తున్నారు. స్పెషలిస్టుల దగ్గరికి మాత్రం చాలా దేశాల్లో ధనికులే ఎక్కువగా చేరుతున్నారు. ఎవరిని అడగాలో, ఏ చీటీ ఎక్కడ చూపించాలో, ఎలా గట్టిగా అడగాలో తెలియడం కూడా ఒక ఆస్తే, అది ఆదాయంతో పాటే వస్తుంది.

ఇన్సూరెన్స్ అనే ఉమ్మడి హుండీ

జబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు, వస్తే ఎంతవుతుందో తెలియదు, తనకి ఏ వైద్యం కావాలో కూడా పేషెంటుకి తెలియదు. వైద్యాన్ని మామూలు సరుకులా అమ్మడం ఎందుకు కుదరదో కెనెత్ ఆరో అనే అమెరికన్ ఆర్థికవేత్త 1963లో రాసిన వ్యాసం ఈ అనిశ్చితి మీదే నిలబడింది. దీనికి అందరూ ఒప్పుకునే మందు ఒకటే: అందరూ ముందే కొంత వేసి, అవసరం పడినవాళ్లకి అందులోంచి తీయడం.

వెయ్యి మంది ఉన్నారు. ఏడాదిలో 50 మందికి పెద్ద జబ్బు వస్తుంది, ఒక్కొక్కరికి 400 ఖర్చు. మొత్తం 20,000. తలా 20 వేస్తే సరిపోతుంది. బాగానే ఉంది. కానీ ఆరోగ్యంగా ఉన్న 300 మంది "మాకెందుకు దండగ" అని తప్పుకుంటే, జబ్బుపడేవాళ్లు ఆ యాభై మందీ అలాగే ఉంటారు కాబట్టి, మిగిలిన 700 మంది ఒక్కొక్కరు దాదాపు 29 వేయాలి. అది చూసి మరో 200 మంది పోతే తలకి 40. కొన్నేళ్లకి హుండీలో రోగులు మాత్రమే మిగులుతారు. ఇన్సూరెన్స్‌ని తప్పనిసరి చేయాలన్న వాదన పుట్టింది ఇక్కడే. దాన్ని స్వేచ్ఛ మీద దెబ్బగా చూసేవాళ్ల మాటలోనూ అర్థముంది: ఇరవై ఐదేళ్ల కుర్రాడు తనకి రాని జబ్బుకి డబ్బు కడుతున్నాడు, అతని జీతమేమీ పెద్దది కాదు.

తలా 20 అన్న మాటలో ఇంకో చిక్కు ఉంది. మన రెండు ఇళ్లలోనూ నలుగురేసి అనుకుంటే ఇంటికి 80. మొదటి ఇంటికది ఏడాది ఆదాయంలో దాదాపు 7 శాతం, రెండో ఇంటికి ఒక శాతం కూడా లేదు. అదే 160ని ఇద్దరి ఆదాయాల దామాషాలో పంచితే మొదటి ఇల్లు 15, రెండో ఇల్లు 145 కట్టాలి. హుండీ అదే, వైద్యం అదే. సంస్కరణ అనే పెద్ద మాట కింద జరిగే రాజకీయమంతా చాలావరకు 80-80కీ 15-145కీ మధ్య ఎక్కడ ఆగాలన్న బేరమే.

ఈ హుండీని దేశాలు ఒక్కోలా కట్టుకున్నాయి. జర్మనీలో బిస్మార్క్ 1883లో కార్మికులకి, యజమానులకి కలిపి చందా పెట్టించాడు. ఎంత జీతానికి అంత చందా. బ్రిటన్ 1948 జూలై 5న పన్నుల డబ్బుతో ఎన్‌హెచ్ఎస్ మొదలుపెట్టింది. కెనడాలో ముందుగా సస్కాచువాన్ రాష్ట్రం 1962లో ఈ దారి పట్టింది, దానికి అక్కడి డాక్టర్లు మూడు వారాలకు పైగా సమ్మె చేశారు. సింగపూర్ 1984 నుంచి ఎవరి జీతంలోంచి వాళ్ల పేరు మీదే వైద్యానికి దాచిపెట్టించే పద్ధతి నడుపుతోంది. జీతం చిన్నదైతే దాచిందీ చిన్నదే కాబట్టి తర్వాత దానికి ఇన్సూరెన్స్‌నీ, పేదల కోసం ఒక నిధినీ జోడించాల్సి వచ్చింది. అమెరికాలో 1965లో వృద్ధులకి మెడికేర్, పేదలకి మెడికెయిడ్ వచ్చాయి. మధ్యలో ఉన్నవాళ్లు ఉద్యోగం ఇచ్చే ఇన్సూరెన్స్ మీద ఆధారపడ్డారు. 2010 నాటి చట్టం ఆ సందుల్ని చాలావరకు పూడ్చినా అన్నిటినీ కాదు. భారతదేశంలో 2018లో మొదలైన ప్రధానమంత్రి జన్ ఆరోగ్య యోజన ఆసుపత్రిలో చేరితే భరిస్తుంది. పైన చెప్పిన బీపీ మాత్రల్లాంటి, చేరకుండా వాడే మందుల ఖర్చు దాని పరిధిలోకి రాదు.

కొంతైనా పేషెంటు చేత కట్టించాలా?

చర్చలో ఎక్కువ వేడి పుట్టేది ఇక్కడే. ఫ్రీ అంటే జనం చిన్న తుమ్ముకి కూడా వచ్చి వరుసలో నిలబడతారు, నిజంగా అవసరమున్నవాళ్లకి టైం దొరకదు, డాక్టర్లు అలిసిపోతారు, ఖజానా ఖాళీ అవుతుంది అని ఒక వాదన. ఫీజు పెడితే తుమ్ములవాళ్లతో పాటు గుండెనొప్పి ఉన్నవాళ్లూ ఆగిపోతారని ఇంకో వాదన. మంచి విషయమేమిటంటే, ఇది ఊహలతో తేల్చాల్సిన విషయం కాదు. ప్రయోగాలు జరిగాయి.

1970లలో అమెరికాలో ర్యాండ్ అనే సంస్థ వేల మందిని లాటరీ పద్ధతిలో వేర్వేరు ఇన్సూరెన్స్‌లలోకి పంపింది. కొందరికి వైద్యం పూర్తిగా ఫ్రీ. మిగిలినవాళ్లు బిల్లులో 25, 50, 95 శాతం చొప్పున, ఆదాయంతో ముడిపెట్టిన ఒక పరిమితి వరకు, తామే కట్టుకోవాలి. డబ్బు కట్టాల్సినవాళ్లు వైద్యం ఖర్చు దాదాపు 20 నుంచి 30 శాతం దాకా తగ్గించుకున్నారు. సగటు మనిషి ఆరోగ్యంలో పెద్ద తేడా కనిపించలేదు. ఫీజు కావాలనేవాళ్లు ఇక్కడ ఆగి, చూశారా అంటారు. ఫలితాల్లో ఇంకో సగం ఉంది. జనం తగ్గించుకున్నది అనవసరమైన వైద్యాన్ని మాత్రమే కాదు, పనికొచ్చే వైద్యం కూడా దాదాపు అదే పాళ్లలో తగ్గింది. అప్పటికే జబ్బుతో ఉన్న పేదల్లో, ముఖ్యంగా బీపీ ఉన్నవాళ్లలో, ఫ్రీగా దొరికినవాళ్ల పరిస్థితి మెరుగ్గా ఉంది. ఏ నొప్పి తుమ్ములాంటిదో ఏది గుండెకి సంబంధించినదో తెలుసుకోవడానికే కదా డాక్టర్ దగ్గరికి వెళ్లేది. ఆ తేడా ముందే తెలుసుకుని రమ్మని ఫీజు అడుగుతోంది.

పేద దేశాల్లో అంకెలు ఇంకా నిక్కచ్చిగా వచ్చాయి. 1980ల చివర్లో ప్రపంచ బ్యాంకు సలహాతో, ఆ తర్వాత ఆఫ్రికా ఆరోగ్య మంత్రులు మాలి రాజధాని బమాకోలో చేసుకున్న ఒప్పందంతో ఆఫ్రికాలో చాలా దేశాలు ఆసుపత్రుల్లో యూజర్ ఛార్జీలు పెట్టాయి. డబ్బు కడితే జనం విలువ ఇస్తారని, ఆసుపత్రిలో మందులు కొనడానికి నాలుగు డబ్బులు ఉంటాయని ఉద్దేశం. తర్వాత కెన్యాలో గర్భిణులకి దోమతెరల మీద ఒక ప్రయోగం చేశారు. ఫ్రీగా ఇస్తున్న తెరకి డాలరులో 60 సెంట్లు, అంటే అప్పటికే భారీ రాయితీ ధర, పెట్టేసరికి తీసుకునేవాళ్లు 60 శాతం పాయింట్లు పడిపోయారు. ఫ్రీగా తీసుకున్నవాళ్లు దాన్ని మూల పడేస్తారేమో అన్న అనుమానం కూడా నిలబడలేదు, కొన్నవాళ్లంతగానే వాళ్లూ కట్టుకున్నారు.

అయితే ఫీజు తీసేస్తే పని అయిపోతుందా? ఉగాండా 2001లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఛార్జీలు రద్దు చేసింది. పేదలు పెద్దఎత్తున రావడం మొదలైంది. కానీ అత్యంత పేద ఇళ్లలో మోయలేని ఖర్చు మాత్రం తగ్గలేదు. ఆసుపత్రిలో మందులు అయిపోతుంటే చీటీ పట్టుకుని బయట కొనుక్కోవాల్సి వచ్చిందన్నది పరిశోధకులు చెప్పిన ముఖ్య కారణం. ఫీజు సమర్థకుల పాత భయం ఇక్కడ పూర్తిగా తప్పు కాలేదు: ఆసుపత్రికి వచ్చే చిల్లర ఆదాయం ఆపేసినప్పుడు ఆ లోటు ఎవరో పూడ్చాలి. పూడ్చకపోతే ఫీజు గుమ్మం దగ్గర మాయమై మందుల షాపు దగ్గర తేలుతుంది.

ధనిక దేశాల అనుభవమూ ఒకే వైపు లేదు. జర్మనీ 2004లో ప్రతి మూడు నెలల్లో మొదటిసారి డాక్టర్ దగ్గరికి వెళ్తే 10 యూరోలు అని పెట్టింది. జనం అనుకున్నంతగా తగ్గలేదు, క్లినిక్కులకి రసీదుల పని మాత్రం పెరిగింది. 2012 చివర్లో పార్లమెంటు ఒక్క ఓటు కూడా వ్యతిరేకం లేకుండా దాన్ని ఎత్తేసింది. జపాన్‌లో 1961 నుంచి అందరికీ ఇన్సూరెన్స్ ఉంది, అయినా పనిచేసే వయసులో ఉన్నవాళ్లు చాలామంది బిల్లులో 30 శాతం సొంతంగా కడతారు. కానీ నెలకి ఇంతకు మించి కట్టక్కర్లేదని ఆదాయాన్ని బట్టి ఒక గీత ఉంది. మన లెక్కలో చెప్పాలంటే, 300 బిల్లులో 30 శాతం అంటే 90. గీత నెల ఆదాయంలో 10 శాతం అనుకుంటే మొదటి ఇల్లు 10 దగ్గర ఆగిపోతుంది, రెండో ఇల్లు 90 కడుతుంది. అంటే అందరికీ వైద్యం అన్నంత మాత్రాన అంతా ఫ్రీ అని కాదు. కో-పేమెంట్ ఉందన్నంత మాత్రాన పేదవాడి మెడకి ఉరి అనీ కాదు. గీత ఎక్కడ ఉందన్నదే అసలు సంగతి. 2025లో జపాన్ ప్రభుత్వం ఆ గీతని పైకి జరపబోతే రోగుల సంఘాలు గట్టిగా అడ్డుకున్నాయి, అప్పటికి ఆ పెంపు వాయిదా పడింది.

కార్డు చేతికొస్తే ఆరోగ్యం వచ్చినట్టేనా?

2008లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రం దగ్గర మెడికెయిడ్‌లో మరికొందరిని చేర్చుకునేంత డబ్బే ఉంది. దాదాపు 90,000 మంది పేర్లిచ్చారు. లాటరీ తీసి దాదాపు 30,000 మందికి దరఖాస్తు చేసుకునే అవకాశమిచ్చారు. పాపం వాళ్ల టెన్షన్ ఎలా ఉన్నా, పరిశోధకులకి మాత్రం అరుదైన అవకాశం దొరికింది: అన్ని విధాలా ఒకేలాంటి రెండు గుంపులు, ఒకరికి కార్డు ఉంది, ఇంకొకరికి లేదు.

రెండేళ్లకి చూస్తే కార్డు ఉన్నవాళ్లు డాక్టర్ దగ్గరికి ఎక్కువగా వెళ్లారు. మోయలేని వైద్య ఖర్చు దాదాపు మాయమైంది. డిప్రెషన్ 30 శాతం మేర తగ్గింది. కానీ బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ అంకెల్లో గట్టిగా చెప్పగలిగే మార్పు రాలేదు. ఎమర్జెన్సీ వార్డులకి వెళ్లడం తగ్గుతుందనుకుంటే 40 శాతం పెరిగింది. ఒక వర్గం దీన్ని చూపించి డబ్బు దండగ అంది. ఇంకో వర్గం, ఇన్సూరెన్స్ పని మనిషిని అప్పుల నుంచి, దిగులు నుంచి కాపాడటం కూడా కదా, అది జరిగిందిగా అంది. చూసింది రెండేళ్లే, అదీ కొంతమందినే అన్న పరిమితులు కూడా ఉన్నాయి. ఒకే కాగితాన్ని రెండు జెండాలుగా ఎగరేయడం ఎలాగో చూడాలంటే ఈ అధ్యయనం చుట్టూ జరిగిన చర్చ చదవాలి.

దీని వెనక ఇంకా పాత ప్రశ్న ఉంది. 1967లో లండన్‌లో దాదాపు 18,000 మంది మగ ప్రభుత్వోద్యోగుల మీద వైట్‌హాల్ అనే అధ్యయనం మొదలైంది. అందరికీ ఉద్యోగం ఉంది, జీతం ఉంది, ఎన్‌హెచ్ఎస్ ఉంది. అయినా అడుగు స్థాయి ఉద్యోగుల్లో మరణాల రేటు పై అధికారుల కన్నా దాదాపు మూడు రెట్లు. సిగరెట్లు, బీపీ లాంటివి తేడాలో కొంతే వివరించాయి. మెట్టు మెట్టుకీ తేడా ఉంది: పై నుంచి రెండో మెట్టు వాళ్ల పరిస్థితి కూడా మొదటి మెట్టు వాళ్లంత బాగాలేదు. ఇల్లు, పని ఒత్తిడి, తన పని మీద తనకున్న పట్టు, ఇలాంటివి ఆరోగ్యాన్ని డాక్టర్ గుమ్మం దాకా రాకముందే మలుస్తున్నాయని ఈ అధ్యయనం మీద పనిచేసిన పరిశోధకుడు మైకేల్ మార్మట్ తదితరులు వాదించారు. అలాగని ఆసుపత్రి డబ్బు ఇళ్ల మీద పెడదామా అంటే, ఇప్పుడు గుండెనొప్పితో వచ్చినవాడికి చెప్పే జవాబు అది కాదు. ఆ రెండు ఖర్చులూ ఒకే బడ్జెట్ కోసం పోటీ పడతాయి.

పేదలకి మాత్రమేనా, అందరికీనా?

డబ్బు పరిమితం కాబట్టి పేదలకి మాత్రమే ఫ్రీగా ఇద్దాం, ఉన్నవాళ్లు కొనుక్కుంటారు. వినడానికి ఇంతకన్నా న్యాయంగా ఏముంటుంది? చిక్కు గీత గీసేటప్పుడు వస్తుంది. నెలకి 100 లోపు ఆదాయం ఉన్నవాళ్లకే కార్డు అనుకుందాం. కార్డు విలువ, అంటే అలాంటి ఇన్సూరెన్స్ బయట కొనాలంటే అయ్యేది, నెలకి 7. 100 ఆదాయం ఉన్నాయన ఓవర్‌టైం చేసి 103 తెచ్చుకుంటే చేతికి 3 వచ్చి 7 పోతుంది. పై అధికారి ప్రమోషన్ ఇస్తానంటే ఈయన ఆలోచించుకుంటాడు. దాన్ని సోమరితనం అనడం తేలిక, కానీ ఆయన కూడికలు సరిగ్గానే వేశాడు.

ఆదాయం రుజువు చేయడం ఇంకో గొడవ. కూలిపనివాళ్ల ఆదాయం నెలనెలా మారుతుంది, కాగితాల మీద ఉండదు. జీతం స్లిప్పు ఉన్నవాడు దొరికిపోతాడు, లేనివాడు ఇటో అటో పోతాడు. అర్హులు కొందరు బయట మిగిలిపోతారు, అనర్హులు కొందరు లోపలికి వస్తారు. గీతని ఎంత కచ్చితంగా కాపలా కాస్తే మొదటి తప్పు అంత పెరుగుతుంది, ఎంత వదులుగా ఉంచితే రెండోది అంత పెరుగుతుంది.

అందరికీ ఇవ్వాలనేవాళ్ల దగ్గర ఇంకో వాదన ఉంది: పేదలకి మాత్రమే అయిన సేవ మెల్లగా నాసిరకం అవుతుంది, ఎందుకంటే గట్టిగా అడగగలిగినవాళ్లు ఆ వరుసలో ఉండరు. ఎదుటివాళ్ల జవాబు కూడా తేలిగ్గా కొట్టేయగలిగేది కాదు. అందరికీ అంటే ఖర్చు అంత పెరుగుతుంది, పన్ను పెంచలేని దేశంలో ఆ డబ్బు కొరత వరుసలుగా మారుతుంది, ఆపరేషన్‌కి నెలల తరబడి ఎదురుచూడాల్సి వస్తుంది. అప్పుడు ఉన్నవాళ్లు ప్రైవేటుకి వెళ్లి ముందే చేయించుకుంటారు, లేనివాళ్లు టైంతో ఫీజు కడతారు.

గీత ఎంత మొండిగా నిలబడుతుందో ఇంగ్లండ్‌లో మందుల చీటీ ఛార్జీ చూపిస్తుంది. కట్టుడు పళ్లకీ కళ్లద్దాలకీ ఛార్జీ పెడతామన్నందుకు 1951లో, ఎన్‌హెచ్ఎస్‌ని నిర్మించిన మంత్రి అనైరిన్ బెవన్ రాజీనామా చేశాడు. 1952లో మందులకీ ఛార్జీ వచ్చింది. 1965లో తీసేశారు, 1968లో మళ్లీ పెట్టారు. వేల్స్ 2007లో, ఉత్తర ఐర్లాండ్ 2010లో, స్కాట్లండ్ 2011లో పూర్తిగా ఎత్తేశాయి. ఇంగ్లండ్‌లో ఇంకా ఉంది. అక్కడ కూడా పిల్లలు, వృద్ధులు, అతి తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు, కొన్ని జబ్బులవాళ్లు కట్టక్కర్లేదు. దాంతో దాదాపు పదింట తొమ్మిది మందులు ఫ్రీగానే వెళ్తున్నాయి. ఛార్జీ పడేది మిగిలిన ఆ ఒక్క వంతు మీద, అందులో గీతకి కాస్త పైన జీతం ఉన్నవాళ్లూ ఉన్నారు. మినహాయింపు ఉన్న జబ్బుల జాబితా 1968 నాటిది. మందులతో అదుపు చేసుకునే డయాబెటిస్ అందులో ఉంది. క్యాన్సర్‌ని 2009లో చేర్చారు. ఆస్తమా ఉన్నవాళ్లు, మరే కారణంతోనూ మినహాయింపు లేకపోతే, ఇన్‌హేలర్‌కి ఛార్జీ కట్టే తీసుకెళ్తున్నారు.